తడి పడుగు

ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలోని గంజి కేంద్రానికి తాళం పడిన వైనం చదువరులు మరచి ఉండరు. డెబ్బై మూడవ సంవత్సరపు ఆ కరువు వేసవిలో ఆదోని పత్తి వర్తకులు కొందరు ఒక సేవాసమాజం స్థాపించి, మగ్గాలు ఆగిపోయిన ఆ వీధికి రోజూ మధ్యాహ్నం గంజి పోయించసాగారు. ఆ పనిలో కూలి పుచ్చుకొన్నవారెవరూ లేరు. హమీదాబీ ఆదోని నుంచి మొదటి బస్సుకు వచ్చి గంజి కాచేది. నాగప్ప భార్య శ్రీశైలమ్మ బావి నుంచి నీళ్ళు మోసేది. మోసేదే గాని, ఏనాడూ వరుసలో నిలబడి ఒక గరిటె పోయించుకొన్నది కాదు. రొమ్ము జబ్బుతో మంచం పట్టిన నాగప్ప, తన ఇంటివారెవరూ దానానికి చేయి చాపరాదని శాసించి ఉన్నాడు. కేంద్రం బాగోగులు వీధి పెద్ద ఉచ్చీరప్ప చూసుకొనేవాడు. ఆ ఉచ్చీరప్పే వెనక తలుపు దగ్గర గంజి గిన్నెలను గంపలోకి దించి, వాటిపైన నూలు చిలపల కట్టలు కప్పుతూ దూరం నుంచి శ్రీశైలమ్మ కంటపడ్డాడు. సమాజం కార్యదర్శి విరూపాక్షప్ప వచ్చిన రోజున, వీధి వీధంతా వింటుండగా, ఆమె ఆ సంగతి బయటపెట్టి "ఇది దొంగతనం" అన్నది. ఉచ్చీరప్ప అవుననలేదు, కాదనలేదు. విరూపాక్షప్ప తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకొని ఆదోనికి వెళ్ళిపోయాడు.

గంజి ఆగిపోయింది. వీధి కోపం ఉచ్చీరప్ప మీదికి పోలేదు, శ్రీశైలమ్మ మీదికి తిరిగింది.

ఆనాడు ఎండ రాకమునుపే శ్రీశైలమ్మ వీధిలో పడుగు పరిచింది. బట్టకు నిలువు పోగులైన ఆ నూలును వీధి పొడవునా కత్తెర కర్రల మీద సాగదీసి, ఒక కొసను తన వాకిటి ముందరి గూటానికీ, రెండవ కొసను మోకుతో మల్లన్న వాకిటి ముందరి గూటానికీ బిగించింది. దానికిక గంజి పట్టించి, పోగుకు పోగు అంటుకోకుండా ఇరువైపులా కుంచెలతో దువ్వుతూ, ఆరేదాకా ఆగకుండా నడవాలి. ఇది ఒక ఇంటివారి వల్ల అయ్యే పని కాదు. అందుచేతనే ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి పడుగు బయటికి వచ్చినా ఇంటికొక మనిషి దిగాలి. దానికి పిలుపు లేదు, కూలి లేదు. గంజి తగిలిన పడుగు పగవాడిదైనా సరే, గడప మీద కూర్చుండరాదు.

ఆనాడు ఏ గడపా దిగలేదు. ఇంటికొకరు చొప్పున వాకిళ్ళలో కూర్చొని చూస్తున్నారు. శ్రీశైలమ్మ వెంట ఉన్నది ఆమె అత్త హనుమమ్మ ఒక్కతే. ఆ ముసలామె చేతులకు వణుకు.

నెలలుగా ఆగిన మగ్గానికి దొరికిన మొదటి పని అది. పడుగు పాడైతే నష్టానికి మగ్గాన్నే విప్పుకుపోతానని నూలు షావుకారు కబురంపి ఉన్నాడు. ఆ మగ్గం తప్ప నాగప్ప ఇంట్లో బతుకుతెరువంటూ మరొకటి లేదు.

"ఏం వదినా, మనుషులకు లేని గంజి నూలుకు తాపిస్తాండావే!" అన్నాడు మల్లన్న, వేపపుల్ల నములుతూ. అతడు నాగప్పకు చిన్నాన్న కొడుకు, షావుకారుకు మేస్త్రీ. నూలూ, గంజికి కావలసిన పిండీ వీధికి అతడి చేతి మీదుగానే అందేవి.

"నీ షావుకారు ఇచ్చిన పిండే గదప్పా. మైలుతుత్తం కలిపిచ్చినాడు. తాగుతావా ఒక గుక్క?"

కుండలోని గంజి నీలంగా ఉంది. చీమలు పట్టకుండా కలుపుతున్నానని షావుకారు చెప్పేవాడు. చీమలు పట్టకుండానా, నేతగాళ్ళు తాగకుండానా అన్నది వీధికి తెలుసు.

ఎదురింటి లక్ష్మమ్మ లేచి నిలబడింది. నిన్నటిదాకా పిల్లలతో వరుసలో నిలబడి గంజి పోయించుకొన్న మనిషి ఆమె.

"నా పిల్లోల్లు రాత్రి నీళ్ళు తాగి పండుకున్నారు. ఆ పుణ్యం నీదే, శ్రీశైలమ్మా."

"నీ పిల్లోల్ల గంజి గంపలో పోతాంటే సూసి గమ్మునుండమంటావా అక్కా?"

"గంపలో పోయింది పోనీ, గరిటెలో వచ్చేది వస్తాండె. ఇప్పుడు రెండూ పాయె. నువ్వు తాగేదానివి కాదు, నీకేంటికి నొప్పి?"

శ్రీశైలమ్మ బదులు చెప్పకముందే ఉచ్చీరప్ప వచ్చాడు. తలగుడ్డ బిగించి, చేతులు వెనక్కి కట్టుకొని, పడుగు పక్కన నిలబడి దాని బిగువును కంటితోనే పరీక్షించాడు. ఆమె వైపు చూడలేదు.

"ఇంటికొక మనిషిని దించు మామా," అన్నది శ్రీశైలమ్మ. "పెద్దోడివి నువ్వు."

"దించుతా. ఒక మాట ఎనక్కి తీసుకో."

"ఏ మాట?"

"దొంగ అన్న మాట. సూసింది సూసినానని ఊరంతా సెప్పుకో, నేను అడ్డం రాను. దొంగ అన్నది మాత్రం తీసెయ్."

"అయితే గంజి యాడికి పోయిందో సెప్పు. ఇప్పుడే తీసేస్తా."

ఉచ్చీరప్ప పడుగు పోగును వేలితో తట్టాడు. "అది నా నోట రాదు."

"దొంగ నోట యాడొస్తాది!"

గడపల మీద ఎవరో నవ్వబోయి మానుకొన్నారు. ఉచ్చీరప్ప మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"నువ్వు నీళ్ళు మోసినావు, కాదనను. నీళ్ళు మోసినోళ్ళకంతా తీర్పు సెప్పే పెద్దరికం వస్తాదనుకుంటివా?"

ఆ మాటకు శ్రీశైలమ్మ వివేకం తప్పింది. మనుషులు దిగకుండా పడుగుకు గంజి పట్టించడం ఏ నేతగాడూ చేయని పని. ఆమె కుండ ఎత్తి, దోసిటితో గంజి తీసి, వాకిటి కొస నుంచి పడుగు పొడవునా పట్టిస్తూ విసవిసా నడిచింది. తడి పడుగును చూసి కూర్చోగలిగినవాడు ఈ వీధిలో లేడని ఆమె నమ్మకం. మల్లన్న వాకిటి దాకా పోయి, కుండ బోర్లించి, వెనుదిరిగి చూసింది.

అందరూ కూర్చొనే ఉన్నారు.

ఆ వీధి పుట్టిన తరువాత అటువంటిది జరగలేదు. వారికీ ఆ సంగతి తెలుసు. కొందరు తల వంచుకొన్నారే గాని కాలు కదపలేదు.

హనుమమ్మ ఒక కుంచె అందుకొని నాలుగడుగులు వేసింది. కుంచె చేతిలోంచి జారి మట్టిలో పడింది. దానిని తీసుకొన్న చేయి ఉచ్చీరప్పది. మట్టి దులిపి, పంచె పైకి దోపి, అతడు పడుగుకు అవతలి వైపున నిలబడ్డాడు.

"నీ కోసం కాదు," అన్నాడు. "తడి పడుగు కోసం. నడువు."

ఆ విధంగా నేరం మోపిన మనిషీ, నేరం మోపించుకొన్న మనిషీ నడుమ తడి పడుగుతో జంటగా దువ్వుతూ నడవసాగారు. కొస దాకా పోవడం, తిరిగి రావడం. కుంచెల గరగర తప్ప వీధిలో చప్పుడు లేదు.

"వంగు. పైపైన దువ్వితే అడుగున అంటుకుంటాది."

"నాకు నేర్పొద్దు. మా మామ నేర్పినాడు."

"మీ మామకు నేర్పినోన్ని నేను."

ఆమె వంగి దువ్వింది. ఎండ అప్పుడే మల్లన్న వాకిటి కొసకు చేరింది. ఇద్దరి నడక చాలడం లేదు. వారు ఈ కొసన ఉండగా ఆ కొసన పోగులు బిగుసుకొంటున్నాయి. తెగిన పోగు అతికేవారు లేరు. దాహానికి ఆగే వీలు లేదు.

అప్పుడు బస్సు దిగి హమీదాబీ వచ్చింది. ఆదోని పత్తి ప్రెస్సులో మూటలు మోసి మోసి చనిపోయినవాడి భార్య ఆమె. మాటలో పదును ఎక్కువ. కేంద్రం వెనకవైపు నుంచి ఒక గోనెసంచి ఈడ్చుకొని వచ్చి పడుగు పక్కన ధబాలున దించింది. సంచిలో ఇత్తడి గణగణమన్నది.

ఆ చప్పుడుకు హనుమమ్మ చేతులు అడ్డం పెట్టింది. "ఆ సంచి ఈడ దించొద్దు తల్లీ..."

"హమీదాబీ," అన్నాడు ఉచ్చీరప్ప కఠినంగా, నడక ఆపకుండానే. "దాన్ని లోపల పెట్టు."

"లోపల యాడ పెట్టేది భాయీ? తాళమేసినారు గదా ఈయమ్మ పుణ్యాన! ఎనక తలుపు బయట గిన్నెలు కడిగే జాలారి పక్కన పడుండాయి. రోజూ తెల్లారి ఎవరెవరో పెట్టిపోతాండ్రి, నేను పోస్తాంటి, నువ్వు మోస్తాంటివి, యా ఇంటికో నేనడగలేదు. ఇంగ గంజి లేదు గదా, ఎవరివి వాళ్ళు తీసుకోండి. నాకు తెలుగు అక్షరాలు రావు."

ఆమె సంచిలో చేయి పెట్టి ఒక తపేలా పైకి తీసింది. దాని పొట్టన ఒక సొట్ట. అంచు మీద, ఆ కాలపు అలవాటు ప్రకారం, చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు.

శ్రీశైలమ్మ కాళ్ళు నిలిచిపోయాయి. ఆ సొట్ట తన చేతిలోంచి జారినప్పుడు పడినదే. పేరు చదవవలసిన అవసరం లేదు. అయినా చదివింది. చెన్నప్ప. తన మామ పేరు.

"అత్తా," అన్నది మెల్లగా, "ఇది నువ్వు పిండి విసిరే ఇంట్లో ఉందంటివే. ఆ ఇంటోళ్ళు గంజి పోసిస్తాండారంటివే."

హనుమమ్మ తల ఎత్తలేదు. "యా ఇల్లు? ఈ కరువులో విసిరించుకునేదానికి ఎవరింట్లో గింజలుండాయమ్మీ? నీ మొగుడు తాగతాండె. నువ్వూ తాగితివి. యాడిదని సెప్పుంటే ఇద్దరిలో ఒకరన్నా నోట పెడుదురా?"

శ్రీశైలమ్మకు ఆ రోజుల గంజి రుచి నాలుక మీదికి వచ్చింది. దొంగసొత్తని నలుగురిలో అరిచి వచ్చిన రోజున కూడా, ఇంటికి పోయి ఆమె తాగినది ముందురోజు మిగిలిన అదే గంజి.

"కుంచె ఆపొద్దు," అన్నాడు ఉచ్చీరప్ప.

ఆమె తిరిగి నడిచింది. నడుస్తూ సంచి వైపు చూసింది. సంచి ఇంకా నిండుగానే ఉంది. గడపల మీది ముఖాలను చూసింది. వరుసలో ఏనాడూ నిలబడని ఇళ్ళు, దానమంటేనే పెదవి విరిచిన ఇళ్ళు, ఇప్పుడు గోనెసంచి నుంచి చూపు తిప్పుకోలేకుండా ఉన్నాయి. ఎవరికి వారు తామొక్కరమే అనుకొన్నారు. సంచి బరువు చూసి ఒకరినొకరు అప్పుడే కనుగొన్నారు. ఈ సంగతంతా తెలిసినవాడు ఉచ్చీరప్ప ఒక్కడే. పేరు బయటపెట్టనని అతడు ఒక్కొక్క ఇంటికీ వేరు వేరుగా మాట ఇచ్చి ఉన్నాడు.

హమీదాబీకి కూడా అప్పుడే బోధపడింది. నడుము మీద చేతులు పెట్టుకొని వీధినంతా ఒకసారి చూసింది.

"ఓహో! లైన్లోకి రమ్మంటే తురకదాని చేతి గంజి మాకొద్దన్న దొరలు మీరేనా? ముందర తలుపు కాడ నా చెయ్యి అంటు. ఎనక తలుపు కాడ అంటు లేదే! అల్లా సాక్షి, ఉప్పు సరిపోయిందో లేదో కూడా సెప్పిపోయినోళ్ళు లేరు!"

"నోరు మూసుకోవే!" అని మల్లన్న అరిచాడు. అతడి గొంతులోని తత్తరపాటు అందరికీ వినిపించింది.

మల్లన్నకు భయపడడానికి కారణం ఉంది. ఆకలిగొన్న ఇంటివాడికి పిండి మూట అప్పగించేది లేదని షావుకారు మొదటనే చెప్పి, తన ఇంట కొరత లేదని ప్రమాణం చేసిన మల్లన్నను మేస్త్రీగా పెట్టుకొన్నాడు. ఇప్పుడు అతడి పేరు బయటపడితే మేస్త్రీ పనీ పోతుంది, ఇన్నాళ్ళుగా పిండి కాజేశాడన్న నిందా పడుతుంది.

అంతలో జీపు వచ్చి వీధి మొగలో ఆగింది. విరూపాక్షప్ప దిగాడు. తెల్లని జుబ్బా, ముఖాన విభూతి, చేతిలో కేంద్రం తాళంచెవి. పడుగు అడ్డంగా ఉండడం చూసి విసుక్కొంటూ గోడ వెంబడి నడిచి వచ్చాడు.

"ఉచ్చీరప్పా, పోలీసు స్టేషనుకు పోయే ముందు చివరిసారిగా అడుగుతున్నాను. సమాజం గంజి ఎక్కడికి చేరవేశావు?"

"సెప్పనయ్యా."

"దొంగతనమని ఒప్పుకొన్నట్లేనా?"

"మీకు తోచినట్ల అనుకోండి. నేను కుంచె ఆపేది లేదు. పక్కకు నిలబడండి, గంజి మీ జుబ్బా మీద పడతాది."

విరూపాక్షప్ప ముఖం ఎర్రబడింది. అతడి చూపు గోనెసంచి మీద పడింది. "అదేమిటి?"

హమీదాబీ సంచికి అడ్డంగా నిలబడింది. శ్రీశైలమ్మ కుంచెను అత్త చేతికిచ్చి, సొట్ట పడిన తపేలాను అందరికీ కనబడేటట్లు ఎత్తి పట్టుకొన్నది.

"ఇది మా మామ పేరు సామీ. ఆ గంజి మా ఇంటికే వచ్చింది. తెలియక తాగినా, తాగినదాన్నే దొంగతనమన్నా. ఉచ్చీరప్ప మామ దొంగ కాదు. ఆ మాట అన్నది నేను, ఎనక్కి తీసుకునేది నేను."

అవతలి వైపున కుంచె ఒక్క క్షణం తడబడి మళ్ళీ సాగింది.

"బాగుంది," అన్నాడు విరూపాక్షప్ప. "ఒక్క ఇంటికి ఇంత సంచి అక్కరలేదమ్మా. తక్కినవీ తియ్యి. నలుగురితో పాటు నిలబడి పుచ్చుకొన్నది దానం. చాటుగా పుచ్చుకొన్నది దొంగతనమే. ఆ పెద్దమనుషులెవరో ఆదోనిలో సభ పెట్టి చెబుతాను. నీకు అక్షరాలు వచ్చునని విన్నాను. నేరం మోపినదానివి నీవే, చదివేదీ నీవే. చదివితే ఇతడిని వదిలి జీపెక్కుతాను. లేదంటే ఇతడిని ఎక్కించుకొని పోతాను."

"సదవొద్దు," అన్నాడు ఉచ్చీరప్ప. "నేను పోతా. పోయేదానికి నాకేం భయం? పడుగు ఆరనీ, అంతే."

శ్రీశైలమ్మ సంచిలో చేయి పెట్టింది. చేతికి దొరికిన రెండవ తపేలాను బయటికి తీసి, అంచును తన వైపుకు తిప్పుకొన్నది. మైలారప్ప అని ఉంది, మల్లన్న తండ్రి పేరు. ఆమె తల ఎత్తి, పడుగు పొడవునా చూపు సాగించి, ఆ కొసన ఉన్న మైలారప్ప కొడుకును చూసింది.

మల్లన్న గడప దిగి ఉన్నాడు. నూలు ముడులు కోసే కత్తి అతడి చేతిలో ఉంది. పడుగు బిగువునంతా మోస్తున్న మోకు పైన ఆ కత్తిని ఆనించి నిలబడ్డాడు. మోకు తెగితే తడి పడుగు మట్టిలో పడుతుంది. పడిన పడుగును ఏ దేవుడూ బాగుచేయలేడు. అతడు మాట్లాడలేదు. మాట్లాడవలసిన పని లేదు.

వేకువ నుంచీ తన్ను చూస్తూ కూర్చొన్న ప్రతి గడపా ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. ఆమె గొంతు పెంచింది. అందులో జాలి లేదు.

"గంజి ఆరిపోతాంది. ఇంటికొక మనిషి దిగుతారా? లేకుంటే నేను సదవాల్నా?"

ముందుగా ఒక ముసలి నేతగాడు లేచాడు. ఆమె వైపు ఉమ్మివేయబోయి మింగుకొని, కుంచె అందుకొన్నాడు. అతడి వెనక మరొక గడప దిగింది. విరూపాక్షప్ప పెదవి మీద నవ్వు మొలిచింది. "చదవనక్కరలేదు లేవమ్మా. దిగినవాడల్లా తన పేరు తానే చెబుతున్నాడు."

దిగబోయినవారు అక్కడికక్కడే ఆగిపోయారు.

లక్ష్మమ్మ చీర చెంగు దోపుకొని పడుగు దగ్గరికి వచ్చింది. "నేనూ దిగినానయ్యా. రోజూ మీ లైన్లో నిలబడినదాన్ని, నాకు ఎనక తలుపుతో ఏం పని? ఇప్పుడు లెక్క తేల్చుకో, ఎవరిది ఉందో ఎవరిది లేదో." శ్రీశైలమ్మ పక్కగా పోతూ పళ్ళు బిగించి అన్నది, "నీ మీద ప్రేమ పొంగి వచ్చినాననుకోవద్దు. నా పిల్లోల్ల గంజి సంగతి నీతో తరువాత తేల్చుకుంటా."

దానితో వీధి కదిలింది. గిన్నె పెట్టినవారు, పెట్టనివారు, వరుసలో నిలబడినవారు, నిలబడనివారు, అందరూ ఒక్కటిగా దిగారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, తిట్టుకొంటూ, మోచేతులతో తోసుకొంటూ తడి పడుగుకు ఇరువైపులా నిలబడ్డారు. కుంచెలు ఒక్క పెట్టున గరగరమన్నాయి. అందులో ఎవరెవరో పోల్చుకోవడం ఇక విరూపాక్షప్ప తరం కాదు.

వీధిలో ఖాళీగా నిలబడినవాడు ఒక్కడే మిగిలాడు. కార్యదర్శి చూపు తిరిగి తిరిగి ఆ ఒక్కడి దగ్గరికే పోయింది.

"అదిగో, పనిలోకి రానివాడు," అన్నాడు విరూపాక్షప్ప తాపీగా. "నీ చేతిలోనిది ఆ మనిషిదేనా అమ్మా?"

శ్రీశైలమ్మ తపేలాను కొంగు చాటుకు తిప్పింది. ఒక్క క్షణం ఆలస్యమైంది. ఇత్తడి ఎండలో తళుక్కుమనడం చూసి, తన పేరు బయటపడిందనుకొన్నాడు మల్లన్న.

"మల్లన్నా, వద్దు! నేను సదవలేదు!" అని ఆమె అరిచింది.

మోకుకు మూడు పేటలు. మొదటి పేట తెగిన కుదుపు పడుగు పొడవునా పాకి, అందరి కుంచెలను ఒక్కసారిగా ఆపింది.